ముగ్గు చుక్కలా, విభూతి గీతలా: మన చిన్న గూబలు రెండింటినీ గుర్తుపట్టడం ఎలా

తిరుపతిలో పక్షులు చూడటం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు నాకు ఎక్కువగా చూపించేది ఒకటే రకం ఫొటో. సందెచీకట్లో ఫోన్‌తో తీసింది, మసగ్గా ఉంటుంది. కొమ్మ మీద ఓ గుండ్రటి ముద్ద, అందులో రెండు పసుపుపచ్చ కళ్ళు. "ఇది ఊరి గూబా, అడవి గూబా?" అని అడుగుతారు.

అడగాల్సిన ప్రశ్నే అది. మన దగ్గర చిన్న గూబల్లో బాగా తికమక పెట్టేవి రెండు. ఒకటి స్పాటెడ్ ఔలెట్, ఇంకొకటి జంగిల్ ఔలెట్. ఇక్కడ మొదటిదాన్ని చుక్కల గూబ అనీ, రెండోదాన్ని అడవి గూబ అనీ అంటాను. రెండూ గుడ్లగూబల కుటుంబమే, కానీ ప్రజాతులు వేరు. చుక్కల గూబది ఎథీన్, అడవి గూబది గ్లాసిడియం. పొడవు మొదటిది 21 సెంటీమీటర్లు, రెండోది 20. అంటే రెండూ గోరువంక కంటే కాస్త పొట్టి, ఒళ్ళు మాత్రం దానికంటే గుండ్రం. రెండింటికీ కళ్ళు పసుపే, రెండింటికీ తల మీద కొమ్ముల్లాంటి ఈకలు ఉండవు. సైజు చూసి, కళ్ళు చూసి తేల్చేద్దాం అనుకుంటే కుదరదు.

నేను చేసిన పొరపాటు ముందే చెబుతాను, మీరు చేయకుండా ఉంటారు. కపిలతీర్థం దగ్గర రోడ్డు పక్క చెట్టు మీద ఒక గూబను చూశాను. వెనకాలే శేషాచలం కొండ నిలువుగా లేచి ఉంది. కొండ పక్కన ఉంది కాబట్టి అడవి గూబే అని పుస్తకంలో రాసేసుకున్నాను. రెండేళ్ళ తర్వాత ఆ ఫొటో పెద్దది చేసి చూస్తే నెత్తిన తెల్లటి చుక్కలు స్పష్టంగా కనిపించాయి. చెట్టు ఎక్కడుందో చూశాను గానీ పిట్టను చూడలేదు. అందుకే ఈ వ్యాసంలో చోటు గురించి చివర్లో చెబుతాను.

ముందు మిగతా గూబలను పక్కన పెట్టండి

దీనికి ఎక్కువసేపు పట్టదు. ముఖం తెల్లగా, హృదయం ఆకారంలో ఉండి కళ్ళు నల్లగా ఉంటే అది బార్న్ ఔల్. పాత కట్టడాల్లో, గోపురాల సందుల్లో ఉంటుంది. తల మీద రెండు పక్కలా చెవుల్లా ఈకలు నిక్కి, కళ్ళు ముదురు రంగులో ఉండి, పిట్ట చిన్నదైతే స్కాప్స్ ఔల్. అది ఆగి ఆగి "వట్?" అని ఒక్క మాటే అడుగుతుంది. బండరాళ్ళ గుట్ట మీద కోడంత పెద్ద గూబ, నారింజ రంగు కళ్ళతో కూర్చుంటే అది కొండ గుడ్లగూబ, ఈగిల్ ఔల్. ఇవేవీ కాక, గోరువంకంత ఉండి, తల నున్నగా గుండ్రంగా ఉండి, కళ్ళు పసుపుగా ఉంటేనే కింద చెప్పేది మీకు పనికొస్తుంది.

గూబ ఎక్కడుందో కనిపెట్టడం

చీకట్లో వెతకొద్దు. పగలే చెట్టు కింద నేల చూడండి. పాత చింత, వేప, మర్రి, మామిడి చెట్ల కింద ఒకేచోట తెల్లగా సున్నం చిలికినట్టు రెట్ట పడి ఉంటే తల ఎత్తండి. పైన తొర్ర ఉండే అవకాశం ఎక్కువ. చిత్తూరు జిల్లాలో పాత మామిడి తోపులకు లెక్కలేదు. ముసలి మామిడి మాను కొమ్మ విరిగిన చోట పుచ్చి తొర్ర పడుతుంది. చుక్కల గూబకు అంతకన్నా మంచి ఇల్లు దొరకదు.

రెట్టతో పాటు ఇంకొకటి వెతకండి. గూబలు తిన్నదాంట్లో అరగని భాగాన్ని ఉండగా చేసి నోటితో కక్కేస్తాయి. బూడిద రంగులో, వేలి కణుపంత ఉండలు. నేను ఒకదాన్ని ఎండబెట్టి, చేతికి తొడుగు వేసుకుని, పాత పేపర్ మీద పుల్లతో విప్పాను. పేడపురుగుల రెక్కల డిప్పలు నల్లగా మెరుస్తూ ఇరవైకి పైగా వచ్చాయి. వాటి మధ్య బల్లి దవడ ఒకటి, బియ్యపు గింజలో సగం కూడా లేని పళ్ళతో. కొంచెం ఎలుక వెంట్రుక. వేరుశనగ చేను పక్కన ఒక గూబ జంట కాపురం ఉంటే రైతుకు ఏం మేలో ఆ పేపర్ మీద కళ్ళకు కట్టింది. ఉండను ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోవడం మరిచిపోవద్దు.

మూడో ఆనవాలు గొడవ. పట్టపగలు పికిలిపిట్టలు, పసులపోలిగాళ్ళు, ఉడుతలు అన్నీ కలిసి ఒకే కొమ్మ వైపు తిరిగి అరుస్తున్నాయంటే అక్కడ పాము ఉండాలి, లేదంటే గూబ ఉండాలి. కాకికీ గూబకీ పడదని చిన్నప్పటి కథల్లో విన్నాం కదా. కాకికే కాదు, చిన్న పిట్టలు వేటికీ గూబ అంటే పడదు. దూరంగా నిలబడి అవి ఎటు చూస్తున్నాయో అటు బైనాక్యులర్ తిప్పండి. 8x42 రకం బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్ల వెడల్పుది) అయితే సందె వెలుగులో కూడా బాగా కనిపిస్తుంది.

నెత్తి చూడండి

ఇక అసలు పని ఇదే. గూబ దొరికిందా, అది మీ వైపు కళ్ళు పెద్దవి చేసి చూస్తుందా, ఆ కళ్ళ మాయలో పడొద్దు. చూపు కాస్త పైకి జరిపి నడినెత్తి చూడండి.

చుక్కల గూబ నెత్తిన చిన్న చిన్న తెల్ల చుక్కలు ఉంటాయి, ముగ్గు వేయబోయే ముందు వాకిట్లో పెట్టిన చుక్కల్లా. అవి వీపు మీదికి, రెక్కల మీదికి వచ్చేసరికి పెద్దవవుతాయి. కింద రంగు బూడిద కలిసిన గోధుమ రంగు.

అడవి గూబకు చుక్కలు ఉండవు. నెత్తి నుంచి మెడ వెనక, వీపు దాకా అడ్డంగా సన్నటి గీతలు, ఒకదాని కింద ఒకటి, వరుసగా. విభూతి రేఖలు ఒళ్ళంతా పెట్టుకున్నట్టు ఉంటుంది.

ముగ్గు చుక్కలా, విభూతి గీతలా? ఈ ఒక్క ప్రశ్న అడుగుతూ పోండి. పదిలో తొమ్మిదిసార్లు జవాబు ఇక్కడే దొరుకుతుంది. నెత్తి కనిపించకపోతే ఎదురుచూడండి. గూబ కనుగుడ్లు గుంటల్లో కదలవు, పక్కకు చూడాలంటే తల మొత్తం తిప్పాల్సిందే. 270 డిగ్రీల దాకా తిప్పగలదు. కాబట్టి కాసేపు ఓపిక పడితే నెత్తి, మెడ వెనక భాగం దానంతట అదే మీకు చూపిస్తుంది.

వెలుగు సంగతి కూడా చూసుకోవాలి. సాయంత్రం పడమటి ఆకాశానికి ఎదురుగా చూస్తే ఏ గూబైనా నల్లటి ముద్దే. చెట్టుకు పడమటి పక్కకు వెళ్ళి, సూర్యుడిని వీపు వెనక పెట్టుకుని చూడండి. పొద్దున్నే అయితే తూర్పు పక్కన నిలబడండి. ఇంత చిన్న జాగ్రత్తతోనే కనిపించని చుక్కలు కనిపిస్తాయి. ఫొటో తీసుకుంటే ఇంటికొచ్చాక బ్రైట్‌నెస్ పెంచి నెత్తి దగ్గర పెద్దది చేసి చూడండి.

ఒక చిన్న ఇబ్బంది ఉంది. ఈ ఏడు పుట్టిన చుక్కల గూబ పిల్లలకు చుక్కలు అంత స్పష్టంగా ఉండవు. నెత్తి మసగ్గా అనిపిస్తే ముఖానికి రండి.

ముఖం, గొంతు, పొట్ట, రెక్క

చుక్కల గూబ ముఖం లేత రంగు, కనుబొమలు తెల్లగా కొట్టొచ్చినట్టు ఉంటాయి. ఎప్పుడూ ఏదో కోపంగా ఉన్నట్టు కనిపించడానికి ఆ కనుబొమలే కారణం. మెడ ముందు తెల్లటి పట్టీ ఉంటుంది. అడవి గూబ ముఖం మీద కూడా గీతలే. కనుబొమలు ఉంటాయి గానీ సన్నగా, అంతగా తెలియవు. ముఖం తలలో కలిసిపోయి మొత్తం ఒకే నేతలా ఉంటుంది.

పొట్ట చూస్తే చుక్కల గూబది తెలుపు, దాని మీద గోధుమ రంగు మచ్చలు తెగి తెగి ఉంటాయి. అడవి గూబకు ఛాతీ మీద, పక్కల మీద గీతలు దగ్గర దగ్గరగా క్రమంగా ఉంటాయి. గడ్డం కింద, పొట్ట నడుమ మాత్రం తెల్లటి మచ్చ. ఎగిరేటప్పుడు ఇంకో గుర్తు దొరుకుతుంది. అడవి గూబ రెక్కల ఈకల్లో ఇటుక రంగు ఎరుపు మెరుస్తుంది, చుక్కల గూబలో ఆ ఎరుపు ఉండదు. తోకను నమ్ముకోవద్దు, రెండింటికీ తెల్ల పట్టీలు ఉంటాయి.

గుర్తులు ఇంత జాగ్రత్తగా చూడటం దండగ పని అనిపిస్తే ఒక సంగతి చెప్పాలి. చుక్కల గూబ ప్రజాతిలోనే ఫారెస్ట్ ఔలెట్ అని ఇంకో చిన్న గూబ ఉంది. మన వైపు ఉండదు, మధ్య భారతంలో ఉంటుంది. 1884 తర్వాత దాన్ని చూశామని నమ్మకంగా చెప్పగలిగినవాళ్ళు లేరు. అంతరించిపోయిందేమో అనుకున్నారు. 1997 నవంబరులో పమేలా రాస్ముసెన్, బెన్ కింగ్, డేవిడ్ అబ్బాట్ కలిసి మహారాష్ట్రలో షహాదా దగ్గర దాన్ని మళ్ళీ కనిపెట్టారు. 113 ఏళ్ళ తర్వాత! చుక్కల గూబకూ దానికీ తేడా ఎక్కడ? నెత్తిన చుక్కలు దాదాపు లేకపోవడం, రెక్కల మీద, తోక మీద వెడల్పాటి పట్టీలు, పొట్ట కింది భాగం మచ్చలేని తెలుపు. ఆ నెత్తిని చదవడం రాకపోతే ఆ పిట్ట ఎదురుగా కూర్చున్నా మామూలు గూబే అనుకుని వచ్చేసేవాళ్ళు.

చెవి పెట్టి వినండి

చూపు కంటే ముందు చెవికే దొరికే పిట్టలు ఇవి. నన్నడిగితే గొంతు నేర్చుకున్నవాడికి బైనాక్యులర్ లేకపోయినా పర్వాలేదు.

చుక్కల గూబ అరుపు కలహం. పొద్దు వాలగానే తొర్రలోంచి బయటికి వచ్చి "చిర్ర్ర్ చిర్ర్ర్ చిర్ర్ర్" అని ఒకటి మొదలుపెడుతుంది. అది పూర్తి కాకముందే రెండోది "చీవక్ చీవక్ చీవక్" అని మీద పడుతుంది. ఒకరి మాట ఒకరు విననివ్వకుండా రెండూ ఒక్క నిమిషం గట్టిగా గొడవపడి టక్కున ఆపేస్తాయి. మా అవ్వ ఈ అరుపు వినగానే "ఎవరింటికి చెడు సమాచారమో" అని దేవుడికి దండం పెట్టుకునేది. నిజానికి అవి ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి, ఈ చోటు మాదని పక్క జంటకు చెబుతున్నాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు, పిల్లల కాలం. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుళ్ళో పాట మొదలయ్యే వేళకు బయటికి వచ్చి నిలబడండి, పాటతో పాటు ఈ జంట గోల కూడా వినిపిస్తుంది.

అడవి గూబ అరుపులో కోపం ఉండదు. "కావ్... కావ్... కావ్..." అని నిదానంగా మొదలవుతుంది. ఎవరో దూరంగా చేతి బోరింగు కొడుతున్నట్టు. నీళ్ళు అందాక చెయ్యి వేగం పెరిగినట్టు "కావ్-కుక్ కావ్-కుక్ కావ్-కుక్" అని జోరందుకుంటుంది. ఆ తర్వాత మెల్లగా సన్నగిల్లి ఆగిపోతుంది. మొదలు, జోరు, తగ్గుదల, ఈ మూడూ ఉన్నాయంటే అడవి గూబే. పొద్దుగూకడానికి గంట ముందు నుంచే అరవడం మొదలుపెడుతుంది, మబ్బు పట్టిన రోజైతే మధ్యాహ్నం కూడా. తలకోన దారిలో ముసురు రోజు నడుస్తుంటే, ఎండ ఉన్న రోజుల్లో వినిపించని ఈ బోరింగు చప్పుడు రెండు మూడు వైపుల నుంచి వినిపిస్తుంది.

మీ ఫోన్‌లో మెర్లిన్ యాప్ వేసుకుంటే అరుపు విని పేరు చెబుతుంది. చెప్పనివ్వండి, కానీ ముందు మీరు అనుకున్నది మనసులో ఖాయం చేసుకుని తర్వాతే తెర చూడండి. అప్పుడే చెవి తయారవుతుంది. ఇంకో ముఖ్యమైన మాట. రికార్డు చేసిన అరుపు స్పీకర్లో పెట్టి గూబను రప్పించే పని మాత్రం చేయొద్దు. తన చోట్లోకి వేరే గూబ వచ్చిందనుకుని పాపం ఆ జంట గుడ్లు వదిలి మీ చుట్టూ తిరుగుతుంది.

ఇప్పుడు చోటు

చుక్కల గూబ మనిషి పక్కన బతికే పిట్ట. యూనివర్సిటీ ఆవరణల్లోని పెద్ద చెట్లు, చెరువు కట్టలు, చంద్రగిరి కోట గోడల సందులు, స్వర్ణముఖి ఒడ్డు తోపులు, పాడుబడ్డ ఇంటి దూలం సందు, ఏదైనా సరే. కరెంటు తీగ మీద, వీధి దీపం స్తంభం మీద కూర్చుని దీపం చుట్టూ తిరిగే పురుగుల్ని పడుతుంది. దట్టమైన అడవి దానికి నచ్చదు.

అడవి గూబకు చెట్ల నీడ కావాలి. శేషాచలం కొండల్లో, తలకోన, మామండూరు వైపు అడవుల్లో, హార్సిలీ కొండ మీద వెతకాల్సింది దాన్ని. ఆకుల గుబురులో ఒంటరిగా కూర్చుంటుంది. వీధి దీపం దగ్గర అది దొరకడం అరుదు.

తకరారంతా ఈ రెండూ కలిసే అంచు దగ్గర. అలిపిరి, కపిలతీర్థం, శ్రీనివాసమంగాపురం, జూ పార్కు వెనక కొండ వాలు, కల్యాణి డ్యామ్ దారి. ఇక్కడ ఒకే సాయంత్రం రోడ్డుకు ఈ పక్క చిర్రుబుర్రు, ఆ పక్క కావ్-కుక్ వినిపించవచ్చు. ఈ అంచులో చోటు చూసి పేరు రాయొద్దు. నెత్తి చూడాలి, లేదా గొంతు వినాలి. రెండూ కుదరకపోతే "చిన్న గూబ" అని రాసి ఊరుకోండి. అదీ సరైన రికార్డే.

జాగ్రత్త మాత్రం మరవద్దు. ఇది చిరుతలు తిరిగే కొండ. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో ఒక చిన్నపాపను చిరుత పొట్టన పెట్టుకుంది. చీకటి పడ్డాక గూబ కోసం మెట్ల దారి వదిలి పొదల్లోకి అడుగు పెట్టొద్దు, పిల్లల్ని అసలు తీసుకెళ్ళొద్దు. శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్ళకూడదు. అడవి గూబ సందె వెలుగుండగానే పలుకుతుంది కాబట్టి చీకటి దాకా ఉండాల్సిన అవసరం కూడా లేదు.

చూసింది రాసుకోండి

తేదీ, సమయం, చెట్టు పేరు, నెత్తిన చుక్కలా గీతలా, అరుపు ఎలా ఉంది, ఒక్కటా జంటా. ఈ ఆరు మాటలు చాలు. చూసిన పక్షుల వివరాలు అందరూ నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో కూడా పెడితే మంచిదే. గుడ్లు పొదిగే తొర్ర ఫలానా చెట్టు మీద ఉందని మాత్రం ఎక్కడా రాయొద్దు, వాట్సాప్ గ్రూపుల్లో అసలే వద్దు. దీపావళి వస్తుందంటే క్షుద్రపూజల కోసం గూబల్ని పట్టి అమ్మేవాళ్ళు ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గూబను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచుకోవడం అన్నీ నేరమే.

తొర్ర దగ్గరికి వెళ్ళి టార్చ్ వేయడం, కర్రతో కదపడం వద్దు. చుక్కల గూబ మిమ్మల్ని చూసి తల పైకీ కిందికీ ఆడిస్తూ గుడ్లురిమి చూస్తుందంటే మీరు మరీ దగ్గరికి వచ్చారని అర్థం. పది అడుగులు వెనక్కి వేయండి, సర్దుకుంటుంది.

గూబ పిల్ల కింద పడితే

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇది బాగా జరుగుతుంది. ఒకసారి మా వీధిలో చింతచెట్టు కింద దూదిపింజంత పిల్ల ఒకటి పడి ఉంది. చుట్టూ కుర్రాళ్ళు మూగారు. ఒకాయన అశుభం అని బయట పారేయమన్నాడు, ఇంకొకామె గిన్నెలో పాలు తెచ్చింది. ఇద్దరి మాటా వినకూడదు. గూబకు పాలు, అన్నం, రొట్టె ఏవీ పట్టవు. నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది.

ముందు కుక్కల్ని, పిల్లుల్ని తరిమేయండి. రెక్క వేలాడుతుందా, రక్తం ఉందా చూడండి. దెబ్బ లేకపోతే తువ్వాలుతో మెత్తగా పట్టుకుని అదే చెట్టు తొర్రలోనో, అందనంత ఎత్తుంటే అందిన కొమ్మ మీద, కాలిగోళ్ళు పట్టు దొరికేలా కూర్చోబెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి రానివ్వదు అనేది ఉత్త మాట. పక్కకు వెళ్ళి కనిపించకుండా నిలబడండి, చీకటి పడగానే తల్లో తండ్రో పురుగు నోట కరుచుకుని వస్తుంది. మా చింతచెట్టు పిల్ల దగ్గరికి ఆరూ నలభైకి వచ్చింది. దెబ్బ తగిలి ఉంటే గాలి ఆడే అట్టపెట్టెలో గుడ్డ పరిచి పెట్టి, మూత వేసి, చీకటిగా ఉన్న మూల ఉంచి, అటవీశాఖకు ఫోన్ చేయండి. వాళ్ళు వచ్చేదాకా మూత తీసి చూడొద్దు.